గంజి పెట్టిన కాళ్లు

పరుగెత్తేవాడికి వండిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి. ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ నేనూ నవ్వుతూనే ఉన్నాను. చివర్లో ఏడవాల్సిన చోట కూడా నాకు సగం నవ్వే వచ్చింది.

అక్షరాలు నాకు నడివయసు దాటాక వచ్చాయి. బీడీ కార్మికుల రాత్రిబడిలో నా కూతురి వయసు పిల్ల ఒకతె నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. అందుకని ఇందులో వాక్యం వంకరపోయిన చోట మీరే సర్దుకోండి. విషయంలో మాత్రం వంకర లేదు.

మొన్న పొద్దున అశోక్ చౌక్ దగ్గర పాలప్యాకెట్ కోసం నిలబడితే ఒక కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి నా పక్కన ఆగాడు. మెత్తటి బూట్లు, చేతికి గుండెదడ లెక్కపెట్టే గడియారం, నడుముకు నీళ్లసీసా, మోకాలికి పట్టీ. ఆ మోకాలు పట్టేయడం ఇది మొదటిసారి కాదట.

"ఏం తినాలె, ఏం జెయ్యాలె అని ఫోన్ల ఒక్కొక్కడు ఒక్కొక్కటి చెప్తాండు అవ్వా. మీ కాలంల ఉరికెటోళ్లు ఏం తినెటోళ్లు?" అని అడిగాడు.

"సలహాలు తినెటోళ్లు బిడ్డా. గల్లీకొకటి. అవి అరగక పడెటోళ్లు" అన్నాను.

వేళాకోళం అనుకుని నవ్వి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. వేళాకోళం కాదు. చూసిందే చెప్పాను. ఆ కుర్రవాడి కోసం, వాడిలాంటి మిగతావాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పందొమ్మిది వందల యాభైల చివరి నాటి మాట. మా గల్లీలో ఇంటింటా గుంట మగ్గమే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ, పైన నాడె విసురుతూ మగవాళ్లు పొద్దంతా నేసేవారు. ఆడవాళ్లం గడపల్లో కూర్చుని, చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. నా భర్త పోయాక ఒక్క బీడీలతో గడవక, తాలీం వెనకాల రేకుల షెడ్డులో ఉన్న ఖానావళిలో వంటకు చేరాను. తాలీం అంటే కుస్తీ నేర్పే ఎర్రమట్టి, దాని చుట్టూ నాలుగు గోడలు. ఖానావళిలో తినేది తెలంగాణ జిల్లాల నుంచి ఈ మరాఠీ ఊరికి ఒంటరిగా వచ్చి మగ్గాల మీద పనిచేసే మగవాళ్లు. జొన్నరొట్టె, పప్పు, శేంగా అనే పల్లీల చట్నీ, ఉల్లిగడ్డ. నా వంట తిని ఎవరికీ జబ్బు చేయలేదు, ఎవరూ నన్ను మెచ్చుకోనూ లేదు. సుఖంగా ఉండేది.

ఆ తాలీంకు ఒక కమిటీ ఉండేది. మా పహిల్వాన్లు అప్పటికి రెండేళ్లుగా ప్రతి కుస్తీలోనూ వెల్లకిలా పడుతున్నారు. వీపు నేలకు తగిలించుకోవడంలో మావాళ్లను మించినవాళ్లు జిల్లాలో లేరు. కమిటీకి పరువు కావాలి. అప్పుడు వాళ్ల కన్ను ఊరి పెద్ద పరుగు మీద పడింది. ఏటా చలికాలంలో జరిగేది. ఊళ్లో మొదలై, ఊరి చివర కుంఠా నాకా దాటి పల్లెల దారి పట్టి, మళ్లీ అదే దారిన వెనక్కి. పన్నెండు మైళ్ల పైమాటే. మొదట వచ్చినవాడిని ఒక మిల్లువాళ్లు పక్కా నౌకరీలోకి తీసుకునేవారు. మా గల్లీలో పక్కా అన్న మాట అప్పటిదాకా ఇళ్లకు కూడా ఎవరూ వాడి ఎరగరు. కార్ఖానాదారు నూలు ఇస్తే పని, లేకపోతే పస్తు. అందుకని ఆ నౌకరీ పేరు ఎత్తితే గుంటలో కాళ్లు కూడా ఆగిపోయేవి.

వాళ్లకు కావలసిన పరుగువీరుడు పడుగు దగ్గర దొరికాడు. తెల్లవారకముందే మగ్గానికెక్కించే పడుగు పోగులు గల్లీ పొడుగునా సాగదీసి కట్టి, ఉడికించిన గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. గంజి పట్టిన పోగు మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. ఎండ ఎక్కేలోగా ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ తెగిన పోగునల్లా ముడెయ్యాలి. మిగతావాళ్లు నడిచి ముడేసేవారు. ఇతను పరుగెత్తి ముడేసేవాడు. పాతికేళ్లుంటాయేమో. సన్నటి మనిషి. పడుగు పని అయ్యాక కూడా ఊపిరి మామూలుగానే ఉండేది. ఇంత రొట్టె తిని, కడవలో నీళ్లు తాగి, పోయి మగ్గంలో కూర్చునేవాడు.

అలాగే వదిలేసి ఉంటే బాగుండేది. కానీ అతన్ని కనిపెట్టింది నేనంటే నేనని ఇద్దరు పెద్దమనుషులు బయల్దేరారు.

ఒకరు తాలీం వస్తాదు. మెడ లేని మనిషి. తల తెచ్చి నేరుగా భుజాల మీద పెట్టినట్టుండేది. రెండో ఆయనను అందరూ గంజి మామ అనేవారు. గంజి పాకం చూడటంలో ఆయనకు ఆయనే సాటి. వేలితో ముట్టి, పలచనో చిక్కనో చెప్పేసేవాడు. అక్కడితో ఆగితే ఏ బాధా లేకపోయేది. పెళ్లి సంబంధాలు, పిల్లల జ్వరాలు, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్నది కూడా ఆయన ఆ వేలితోనే చూసేవాడు.

పరుగువీరుడి భార్య మా పక్కింటి పిల్ల. మాకు మధ్యన ఒకటే గోడ. బీడీలు చుట్టేది. ఆమె నాలుక ముందు ఆకు కత్తిరించే కత్తెర దిగదుడుపే. కమిటీ వాళ్లు శాలువా కప్పి ఆమె మొగుణ్ని తాలీంకు తీసుకుపోయిన రోజున గడపలో నా పక్కన కూర్చుని అడిగింది.

"అక్కా, ఈన కాళ్లు ఎవలియి?"

"ఎవలియేందే? ఆయినయే."

"కాదక్కా. పొద్దంత కార్ఖానాదారుయి. పొద్దుగాల, పొద్దుమీకి వస్తాదుయి. నడుమ నాకేమన్న మిగుల్తయా అని అడుగుతాన."

"మిల్లు నౌకరి వస్తదంటే సంబురపడక ఏం మాటలే అవి?"

"వస్తే సంబురమే. కాని కాలు పోయిందనుకో, మిల్లూ రాదు, మగ్గమూ ఉండది. ఒంటికాలుతోని ఏ మగ్గం నడుస్తదో చెప్పు."

ఆ మాట నేను అప్పుడు అంతగా పట్టించుకోలేదు. నాకు వేరే ముచ్చట వచ్చిపడింది. మరునాడు పొద్దున్నే వస్తాదు నా షెడ్డు ముందు నిలబడి, వీరుడికి ఏం పెట్టాలో హుకుం జారీ చేశాడు.

"బాయీ, ఇగ గీనె ఇంట్ల తినడు, నీ తానే తింటడు. రొట్టె బంద్. పహిల్వాన్ ఖురాక్ షురూ. పొద్దుగాల బాదం నూరి థండాయి, అండ్ల నెయ్యి. పగటికి పాలు, మల్ల నెయ్యి. పొద్దుమీకి పాయా."

"పాయా ఎందుకు వస్తాద్?"

"కాలు తింటే కాలుకు బలం."

"మరి ఉరికెటోనికి మేక కాలేంది? గుర్రం కాలు పెట్టరాదు?"

"నువ్వు పొయ్యి ఊదు బాయీ. బుర్ర ఊదకు. ఇంగొకటి, నీళ్లు ఎక్కువ ఇయ్యకు. నీళ్లు తాగితే ఒళ్లు వదులైతది."

రోట్లో బాదం నూరాను. నూరుతున్నంతసేపూ గల్లీలో పిల్లీ కుక్కా మనిషీ అందరూ నా షెడ్డు చుట్టూ తిరిగారు. నా థండాయి చాలా బాగా కుదిరేదని ఇప్పటికీ చెప్పగలను. ఎందుకంటే రుచి చూసే మిషతో వస్తాదు రోజూ ఒక లోటాడు తాగేవాడు.

వీరుడు నెలలోపలే బుగ్గలు పట్టాడు. చూసిన వాళ్లంతా కళ వచ్చిందన్నారు. ఆ కళ మోసుకుని పరుగెత్తాల్సింది అతను. ఒక పొద్దున కడుపు నిండా థండాయితో బయల్దేరి, కుంఠా నాకా దగ్గర కరెంటు మగ్గాల షెడ్డు ముందు చతికిలబడి మొత్తం కక్కేశాడు. నా బాదమంతా రోడ్డు పాలు. కమిటీ ఆ సాయంత్రమే కూర్చుని, ఇది దిష్టి అని తేల్చింది. మిరపకాయలు తిప్పించారు. దిష్టి తెల్లగా, నెయ్యి వాసనతో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక బైఠకులు. వస్తాదుకు తెలిసిన వ్యాయామం అదొక్కటే కాబట్టి ప్రతి రోగానికీ అదే మందు. పొద్దున పరుగు, పరుగు అయ్యీ కాగానే గుంజిళ్లు తీసినట్టు వందల బైఠకులు, ఆ కాళ్లతోనే పోయి గుంటలో దిగి పొద్దుమూకేదాకా చెక్కలు తొక్కడం, సాయంత్రం మళ్లీ బైఠకులు. మా గల్లీలో అమావాస్యకు మగ్గాలు ఆపేవాళ్లం. మగ్గానికి సెలవుండేది, అతని కాళ్లకు మాత్రం లేదు.

ఒకసారి వడ్డిస్తుంటే నా ఎదురుగానే వస్తాదుతో అన్నాడు, "వస్తాద్, కుడి పిక్క గుంజుతాంది."

"గుంజాలె. బలం దిగుతాందన్నట్టు. రేపు ఇంగ రెండింతలు తియ్యి."

రెండింతలు తీశాడు. ఆ తర్వాత నొప్పి అన్న మాట అతని నోట మళ్లీ రాలేదు. చెబితే మందు అదేనని తెలిశాక ఎవరు చెబుతారు? నేను అడిగితే కూడా, "ఏం లేదక్కా, మంచిగుంది" అని తల వంచుకుని తినేవాడు.

ఒక మధ్యాహ్నం ఖానావళి పని ముగించుకుని, గడపలో అతని భార్య పక్కన కూర్చుని నాలుగు బీడీలు చుడుతున్నాను. ఆమె కత్తెర ఆకు మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, ఇన్నవా?"

"ఏంది?"

"మా మగ్గం కుంటుతాంది."

మీకు ఇది అర్థం కావాలంటే మా గల్లీలో పుట్టి ఉండాలి. పెరిగిన పిల్ల దగ్గు తల్లికి ఎలా తెలుస్తుందో, మొగుడి మగ్గం చప్పుడు మాకు అలా తెలిసేది. ఒక కాలు తొక్కితే ఒక దెబ్బ, రెండో కాలు తొక్కితే ఇంకో దెబ్బ. రెండూ ఒకే ఎడంతో పడాలి. నేనూ చెవి పెట్టాను. ఎడమకాలి దెబ్బ పడగానే కుడికాలి దెబ్బ రావాల్సిన చోట ఒక గుటక మింగినంత ఖాళీ. ఆ తర్వాత ఎవరో నెట్టినట్టు దెబ్బ. మళ్లీ ఖాళీ.

ఆమె లోపలికి వెళ్లింది. వెనకాలే నేను.

"ఏమైంది మగ్గానికి?"

"తాడు వదులైంది" అన్నాడు తలెత్తకుండా.

"తాడా, కాలా?"

"తాడే."

ఆమె నేల మీద బోర్లా పడుకుని గుంటలోకి తొంగి చూసింది. అతను రెండు చెక్కలనూ ఒక్క ఎడమకాలితోనే తొక్కుతున్నాడు. కుడికాలు గుంట గోడకు ఆనించి ఉంది, అరువు తెచ్చుకున్న కాలులాగా.

ఇక్కడ మా మగవాళ్ల గురించి ఒక మాట. మూడిళ్ల అవతల పోగు తెగితే తింటున్న కంచం వదిలి లేచే చెవులు వాళ్లవి. ఈ చప్పుడు మాత్రం ఒక్కరికీ వినబడలేదు. గెలవాలని కూర్చున్నవాడి చెవిలో ఏదీ దూరదు.

ఆమె చాట పక్కన పెట్టి నేరుగా తాలీంకు నడిచింది. ఆడవాళ్లు అటు పోకూడదు. వంటమనిషి మినహాయింపు. మినహాయింపు కొంగు పట్టుకుని ఆమె కూడా లోపలికి వచ్చేసింది. వస్తాదు, గంజి మామ, మరి ఇద్దరు ముగ్గురు కమిటీ పెద్దలు చాయ్ తాగుతున్నారు.

"మామా, వస్తాద్, మీ పెద్దమనుషులకు దండం. ఆయిన కాలు పోతాంది. మగ్గం చప్పుడుల ఇనవడ్డది. ఇగ కొన్ని దినాలు పండుకోనియ్యిండ్రి. ఉరుకుడు బంద్, బైఠకులు బంద్. కడుపుల రొట్టె పడనియ్యిండ్రి, నీళ్లు తాగనియ్యిండ్రి."

వస్తాదు నవ్వాడు. "ఆడోళ్లు చెవులతోని కాళ్లు చూస్తాన్రా?"

"కళ్లున్నోళ్లు చూడకుంటే ఏం జెయ్యాలె?"

"అరె, పరుగు ఇంగ రెండు వారాలు లేదు. ఇప్పుడు పండుకుంటే ఒళ్లు పిండిముద్ద అయితది."

అప్పుడు గంజి మామ చెయ్యెత్తాడు. వీరుణ్ని పిలిపించాడు. కుడి పిక్క మీద వేలు పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

"పోగు ఎందుకు తెగుతది?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"గంజి తక్కువై" అన్నారు కమిటీ పెద్దలు, బడిపిల్లల్లా.

"కాలుల నరం ఏంది?"

జవాబు కూడా తనే చెప్పాడు.

"పోగే."

ఆ ఒక్క మాటకు కమిటీ మొత్తం వెనక్కి ఒరిగిపోయింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనందుకు ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు. పరుగు రోజు పొద్దున మడమ నుంచి మోకాలి దాకా రెండు కాళ్లకూ చిక్కటి గంజి పట్టించి, దుప్పటి పీలికలు బిగించి చుట్టాలని అక్కడికక్కడే ఖాయం చేశారు. గంజి తానే స్వయంగా కాస్తానన్నాడు మామ.

"మామా," అంది ఆమె, "గంజి పెట్టిన పోగు వంగుతదా?"

"ఎందుకు వంగుతది బిడ్డా? పుల్ల లెక్క నిలవడ్తది. గందుకే తెగది."

"మరి ఉరికెటోని కాలు వంగొద్దా?"

మామ ఆ ప్రశ్నను కూడా వేలితో ముట్టి చూసి, పాకం కుదరలేదని పక్కన పెట్టాడు.

మొగుడే ఆమెను ఇంటికి లాక్కొచ్చాడు. గోడ ఇవతల నాకు అన్నీ వినబడేవి.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్. నౌకరి వచ్చినంక నువ్వు కూసొని తింటవు, అప్పుడు తెలుస్తది."

"ఇప్పుడేమన్న నిలవడి తింటాన్నా? బీడీలు కూసొనే చుడుతాన గద."

తర్వాత అతని గొంతు, చాలా చిన్నగా. "ఒక్కసారే గదనే. ఒక్క పొద్దు. గా ఒక్క పొద్దు కాలు నిలవడ్తే సాలు, ఇగ మన బతుకు గుంటలకెళ్లి బయటవడ్తది."

నేను గోడ మీంచి చెవి తీసేశాను.

పరుగు రోజు వచ్చింది. తాలీం ముందు పొయ్యి పెట్టి, గంజి మామ తలపాగా చుట్టుకుని, పెళ్లి పనిలా గంజి కలిపాడు. వీరుణ్ని రాయి మీద నిలబెట్టి, పడుగును దువ్వే కుంచెతోనే పైనుంచి కిందికి, ఒకే దిక్కుగా దువ్వాడు. పీలికలు వస్తాదు చుట్టాడు. కుస్తీ పట్టినట్టు పళ్లు కరిచి బిగించాడు. ఆరడానికి అతను కాళ్లు ఎడం చేసి, చేతులు గాలిలో పెట్టి ఎండకు నిలబడ్డాడు. దండెం మీద ఆరేసిన మనిషిని నేను అదే మొదలు, అదే ఆఖరు చూడటం. థండాయి లోటా అందిస్తే, "సగం పొయ్యక్కా" అని గుసగుసలాడాడు. సగం పోశాను. మిగతా సగం వస్తాదు వృథా పోనివ్వలేదు.

పరుగు మొదలైంది. ఆడవాళ్లం కుంఠా నాకాకు పోయి రోడ్డు పక్కన నిలబడ్డాం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్కడి నుంచే పోవాలి. ఆమె చంకలో నిండు కడవ ఉంది. ఎందుకే అంటే, దాహం అంది.

పోయేటప్పుడు మావాడు ముందు గుంపులోనే ఉన్నాడు. ఒప్పుకోవాలి, ఆ పిక్కతో, ఆ కడుపుతో, ఆ గంజితో కూడా ముందు గుంపులో ఉన్నాడంటే అది వట్టి ఊపిరి కాదు. కానీ మోకాలి కింద ఏదీ కదలడం లేదు. చెక్క కాళ్ల బొమ్మను దారం పట్టి లాగుతున్నట్టుంది. గట్టు మీద జనం ఈలలు వేశారు. వస్తాదు సైకిల్ ఎక్కి వెనకాలే, "దౌడ్! దౌడ్!" అని అరుస్తూ పోయాడు. ఎండ ఎక్కుతోంది. గంజికి కావలసింది అదే.

చాలాసేపటికి దుమ్ములో తిరిగొస్తున్న మనుషులు కనిపించారు. అందరికంటే ముందు, ఏ కమిటీ లేని ఒక పల్లెటూరి మనిషి. రోజూ పాలక్యాన్లు మోసుకుని ఊళ్లోకి నడిచి వచ్చేవాడట. అతని వెనక మావాడు! ఇద్దరి మధ్య ఒక బీడీ అంటించుకునేంత ఎడం. ముందువాడు అలిసిపోయి తల వేలాడేశాడు. ఇంకో మైలుంది. మా గల్లీ జనమంతా గొంతులు చించుకున్నారు. నేను కూడా అరిచాను. అప్పటిదాకా ఎంత వెక్కిరించినా, ఆ క్షణంలో నాకు మిల్లు గేటు కళ్లకు కట్టింది.

ఆమె అరవలేదు. అతని కాళ్ల వైపే చూస్తోంది. పీలికల సందుల్లోంచి గంజి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. కుడికాలు పడుతున్న తీరులో ఏదో తేడా. కుంటడం కూడా లేదు. మూట పడినట్టు పడుతోంది. ఆమె కడవతో రోడ్డు మధ్యకు నడిచి నిలబడింది.

"ఆగు!"

"జరుగు" అన్నాడు, రొప్పుతూ, ఆగకుండా.

"ఆగకు పో. ఒక్కటే చెప్పి పో. నొస్తాందా?"

"నొస్తలేదు."

"కుడికాలు నేలకు ఆనుతాన్నట్టు తెలుస్తాందా?"

అతను జవాబు చెప్పబోయి నోరు తెరిచాడు. రెండడుగులు వేశాడు. కిందికి చూసుకున్నాడు. ఇంకో అడుగు వేసి ఆ కాలిని నేలకేసి కొట్టాడు.

"తెలుస్తలేదు" అన్నాడు.

ఎవరూ అతన్ని పట్టి ఆపలేదు. తానే ఆగాడు. ముందువాడి వీపు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూసి, రోడ్డు మీద కూలబడ్డాడు. ఆమె కడవ ఎత్తి కాళ్ల మీద కుమ్మరించింది. గంజి మెత్తబడ్డాక ఇద్దరం కలిసి పీలికలు విప్పాం. కింద పాదం పండిన నేరేడు రంగులో ఉంది. నెత్తురు దిగడం మొదలైనప్పుడు అతను పెట్టిన కేక, ఆ వయసు మగవాడు పెట్టగా నేను విన్న కేకలన్నిటిలోకీ పెద్దది. ఆ కేక విని ఆమె మొదటిసారి ఏడ్చింది. కాలు మళ్లీ తెలిసింది కాబట్టే అరిచాడు.

వస్తాదు సైకిల్ పడేసి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్క మైలు! ఇంగ ఒక్క మైలే ఉండె గదనే!"

"ఒక్క మైలే గద. నువ్వు ఉరుకు వస్తాద్" అంది ఆమె, విప్పిన పీలికలు మూటగడుతూ. "థండాయి సగం తాగింది నువ్వే గద."

దవాఖానలో డాక్టరు పిక్క చూసి, పీలికలు చూసి, గంజి గీకి వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. చెప్పాం. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాం. ఇంకాసేపు ఆ కట్టు ఉంటే పాదం సంగతి తాను చెప్పలేకపోయేవాడినంటూ, నెల పైన గుంటలో దిగవద్దన్నాడు.

కమిటీ కూర్చుంది. ఓటమికి కారణాలు తేలాయి. పొయ్యి పొగ పట్టడం వల్ల గంజి పలచనైంది. వంటమనిషి ఖురాక్‌లో సత్తువ లేదు. ఆడమనిషి ఎదురు రావడం మూడోది. గంజి మామ వేలికీ, వస్తాదు బైఠకులకూ ఏ మచ్చా లేదు. మూడింటిలో తీసెయ్యడానికి వీలైనది వంటమనిషి ఒక్కతే కాబట్టి నన్ను తీసేశారు. మరుసటి ఏడు కమిటీ పరుగు జోలికి పోకుండా పోట్లాటకు ఒక పొట్టేలును పెంచింది. దానికీ బాదం పెట్టారు. అది సంతోషంగా తిని, ఎవరితోనూ పోట్లాడకుండా పడుకునేది. తాలీంలో తెలివైనది అదొక్కటే.

నేను మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల పక్కన చేరాను. అన్ని దినాలూ వాళ్లింట్లో మగ్గం మూగగా ఉంది. ఇద్దరి కడుపులూ ఆమె బీడీలే నింపాయి. అతను అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని, రొట్టె తిని, నీళ్లు తాగి, ఎవరి సలహా లేకుండా బాగుపడుతూ వచ్చాడు. భార్యతో మాత్రం మాట్లాడలేదు. ఒకసారి నాతో అన్నాడు, "ఒక్క బీడీ అంటించుకునేంత దూరం అక్కా. అంతే ఉండె." ఆమె ఆపకపోతే గెలిచేవాడేమో. గెలిచి, ఆ కాలితో మిల్లు గేటు దాటేవాడో లేదో. తెలిసినట్టు చెప్పడం కమిటీ పని, నాది కాదు.

మళ్లీ గుంటలో దిగాక కూడా మగ్గం కొన్నాళ్లు కుంటింది. ఎడమ దెబ్బ, ఖాళీ, కుడి దెబ్బ. ఆ ఖాళీలో మేమిద్దరం ఊపిరి బిగపట్టేవాళ్లం. వారం వారం ఆ ఖాళీ సన్నబడింది.

ఎండలు ముదిరిన ఒక పగటిపూట ఆమె కత్తెర మళ్లీ ఆకు మధ్యలో ఆగింది. నేనూ ఆగాను. లోపల దెబ్బ మీద దెబ్బ, రెండూ ఒకే ఎడంతో, ఎవరూ ఎవరినీ తొందరపెట్టకుండా. చాలాసేపు విన్నాం.

"ఇంగ నీతోని మాట్లాడుతలేడానే?" అని అడిగాను.

"లేదక్కా" అంది. కత్తెర మళ్లీ ఆడింది. "మాట్లాడకుంటే ఏమాయె? రెండు కాళ్లు మాట్లాడుతాన్నయి గద."